బైపాసు శస్త్రచికిత్స: తొలిమాసపు ఫలితములు

నాగరగెరె మొదలు బాగేపల్లి, చింతామణి వఱకు గల మన తెలుగుపల్లెలకు నందికొండ చిరపరిచితము. 1984లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులు కొందఱు ఈ కొండపై విడిసియుండిరి. ఆ రాజకీయకథ పలువు రెఱిగినదే. అందు వైద్యచరిత్రకు సంబంధించిన ప్రశ్న యొకటి యిమిడియున్నది: గుండెకు బైపాసు శస్త్రచికిత్స జరిగిన రోగి తొలిదినములలో ఎట్లుండును?

పూడిన కాలువను తప్పించి ప్రక్కకాలువ త్రవ్వినట్లు, ఈ చికిత్సలో కాలిసిరను గాని ఱొమ్ములోని ధమనిని గాని అతికి గుండెకు నెత్తురు పాఱుటకు క్రొత్తదారి కల్పింతురు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండునందు ఫవలోరో అను వైద్యుడు కాలిసిరతో చేయు పద్ధతిని స్థిరపఱచెను. మన దేశమున 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు చెరియన్ దీనిని తొలుత నిర్వహించిరి.

తొలిఫలితమును వైద్యులు 30 దినముల గడువుతో కొలుతురు. 1972-74 మధ్య అమెరికా మాజీసైనికుల ఆసుపత్రులలో జరిగిన పరిశోధనలో, శస్త్రచికిత్స పొందిన నూర్గురిలో దాదాపు ఆర్గురు ఆ గడువులోనే మరణించిరి. 1975-79 నాటి మఱియొక పరిశోధనలో ఈ సంఖ్య 1.4 మాత్రమే. రెండింటను రోగుల స్థితి యొక్కటి కాదు. అయినను శస్త్రవైద్యుల అనుభవము పెరుగుటయు, గుండెను చల్లని ద్రావణముతో నిలిపి కాపాడు విధానము వ్యాపించుటయు ఆ కాలపు అభివృద్ధికి కారణములు.

ప్రాణము నిలుచుట వేఱు, బలము చేకూఱుట వేఱు. కోసి తెఱచిన ఱొమ్ముటెముకను తీగెలతో బిగింతురు. అది అతుకుటకు ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టును. తొలివారమున ఇంచుమించు నలుగురిలో నొకరికి గుండె లయ తప్పును. మెల్లని నడక మేలు, బరువు లెత్తరాదు.

నందమూరి తారక రామారావు హ్యూస్టన్ నగరమున ఈ చికిత్స పొంది తిరిగివచ్చిన కొలదిదినములకే, 1984 ఆగస్టు 16న, ముఖ్యమంత్రి పదవినుండి తొలగింపబడిరి. 21న తన శాసనసభ్యులతో ఢిల్లీలో రాష్ట్రపతి యెదుటికి చక్రముల కుర్చీలో వెళ్ళిరి. రాజకీయులు ఆ కుర్చీని ఎట్లు తలచినను, వైద్యదృష్టికి అందు వింత లేదు. సెప్టెంబరు 16న పదవి మరల లభించెను. 1996 జనవరి 18న గుండెపోటుతో కన్నుమూసిరి. శస్త్రము దారి కల్పించును గాని రోగమూలమును పెఱుకదని దీనివలన గ్రహింపనగును.

నాడు ఆయన సముద్రములు దాటి పోవలసివచ్చెను. 1991 నవంబరు 22న మన సరిహద్దునకు చేరువనున్న పుట్టపర్తిలో ఉచితముగా హృదయశస్త్రచికిత్స చేయు ఆసుపత్రి వెలసెను. బీదవానికిని ఆశ కలిగెను. శస్త్రశాల దగ్గఱకు వచ్చినది. తొలిమాసపు సంరక్షణ మాత్రము నేటికిని చాలవఱకు ఇంటివారి చేతిలోనిదే.