కొండగట్టు: సంజీవని గాథ



జగిత్యాల జిల్లా మల్యాల మండలమున, ముత్యంపేట గ్రామ సమీపమందలి కొండగట్టు మన అంజన్న వెలసిన దివ్యక్షేత్రము. ఈ కొండ పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పు గాథ యిది. రామరావణ యుద్ధమున లక్ష్మణస్వామి మూర్ఛిల్లగా, హనుమంతుడు సంజీవని గల పర్వతమును పెకలించి తెచ్చుచుండెను. త్రోవలో దాని చరియ యొకటి విరిగి యిచ్చట పడెను. అదియే కొండగట్టు.

వాల్మీకి మహర్షి చెప్పినదియు మనము విచారింపవలెను. యుద్ధకాండమున ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రమునకు రామలక్ష్మణులు, వానరసేన నేలకొరగగా, జాంబవంతుడు హనుమంతుని హిమవంతమునకు పంపెను. తేవలసినవి నాలుగు ఓషధులు: మృతసంజీవని, విశల్యకరణి, సువర్ణకరణి, సంధానకరణి. తమకై యొకడు వచ్చుచున్నాడని యెరిగి అవి కనబడక దాగినవి. అందుచే స్వామి శిఖరమునే పెకలించి తెచ్చెను. ఆ గంధము సోకినంతనే రామలక్ష్మణులును, వానరులును లేచిరి. కార్యము తీరిన పిమ్మట స్వామి ఆ శిఖరమును మరల హిమవంతమునకు చేర్చెను. చరియ విరిగిన మాట అచట లేదు.

అట్లయిన స్థలపురాణము కల్పితమా యని యువకులు మమ్ము అడుగుచుందురు. ఇతిహాసము జరిగిన కథను చెప్పును. స్థలపురాణము ఆ కథతో మన నేలకు గల చుట్టరికమును చెప్పును. శ్రీలంకలో గాలే పట్టణము చెంతనున్న రుమస్సల కొండను గూర్చియు ఇట్టి గాథయే కలదు. ఉత్తరాఖండమున ద్రోణగిరి గ్రామస్థులు మాత్రము, తమ కొండను కొనిపోయెనని నేటికిని హనుమంతుని పూజింపరు. ఒకచోట తునక దక్కెనను సంతోషము, వేరొకచోట కొండ పోయెనను దుఃఖము. మూలికల కొండ ప్రాణముతో సమానమను తలంపు ఇరువురికిని ఒక్కటే.

ఇక స్వామి వెలసిన కథ. సుమారు నాలుగు వందల యేండ్ల క్రిందట సింగం సంజీవుడను పశువుల కాపరి, తప్పిపోయిన ఆవును వెదకి వెదకి అలసి, చింతచెట్టు క్రింద నిద్రించెనట. స్వామి కలలో కనబడి, తాను కోరంద పొదలో నున్నానని, ఎండవానలనుండియు ముండ్లనుండియు తనను కాపాడుమని చెప్పి, ఆవు జాడ తెలిపెను. అతడు మేల్కాంచి పొదను తొలగింపగా, నారసింహ వక్త్రముతో ఉత్తరాభిముఖుడైన ఆంజనేయమూర్తి దర్శనమిచ్చెను. గ్రామస్థుల తోడ్పాటుతో సంజీవుడు చిన్న గుడి కట్టించెను. తరువాతి కాలమున కృష్ణారావు దేశ్‌ముఖ్ ఆలయమును పునర్నిర్మించిరి.

2023లో ఈ ప్రాంతపు కొడిమ్యాల అడవిలో వేయి ఎకరములకు పైబడిన భాగమును దత్తత గైకొని పెంపొందింతుమను సంకల్పము వెలువడెను. మంచిదే. అయినను వనమును కాపాడుట ప్రకటనలతో తీరునది కాదు. చైత్ర పౌర్ణమి నాడు చిన్న జయంతికి, వైశాఖ బహుళ దశమి నాడు పెద్ద జయంతికి దీక్షాపరులు వేలకొలదిగా కొండకు వత్తురు. వచ్చినవారు ప్లాస్టిక్ సంచులను చెట్ల మొదళ్ల పారవేసినను, వంటకై కొమ్మలు విరిచినను, ఆరని నిప్పు విడిచిపోయినను, సంజీవని చరియయని మ్రొక్కిన కొండకే అపచారము చేసినవారగుదురు. అడవిలో పండ్లు కరవైన కోతులు మెట్లమీద భక్తుల చేతిసంచులు లాగుకొనక యేమి చేయును?

లక్ష్మణస్వామి ప్రాణమునకై తెచ్చిన కొండను సైతము స్వామి తన యొద్ద ఉంచుకొనలేదు. ఆ స్వామి భక్తులమగు మనము కొండనుండి ప్రసాదమును మాత్రమే కొనిపోవుదము. తెచ్చిన చెత్తను వెంట తీసికొనిపోవుదము. దీక్ష విరమించిన నాడు మీ యూరి గుడి యొద్ద వేపయో, ఉసిరికయో, మారేడో ఒక మొక్క నాటి, అది నిలద్రొక్కుకొను వరకు నీరు పోయుడు. అదియు అంజన్న సేవయే.

సర్వే జనాః సుఖినో భవంతు. జై శ్రీరామ్.