అమ్మమ్మ దడ ఎక్కడ పుట్టింది?

మా అమ్మమ్మకి గుండె దడ ఉండేది. ఎప్పుడొస్తుందో తెలీదు, ఎప్పుడు పోతుందో తెలీదు. "గుండెల్లో పిట్ట కొట్టుకుంటున్నట్టుందే" అనేది అమ్మతో. సఖినేటిపల్లి దగ్గర ఊరు. దడ మొదలయ్యాక ఆటో మాట్లాడుకుని, రేవులో పంటు కోసం కాచుకుని, గోదారి దాటి నర్సాపురంలో ఈసీజీ తీయించేసరికి పిట్ట ఎగిరిపోయేది. కాగితం మీద అంతా నార్మల్. "గ్యాసేనమ్మా" అని బిళ్ళలిచ్చి పంపేవారు. 1999లో పక్షవాతం వచ్చింది. ఏడాది తిరక్కుండానే పోయింది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన బాధే. ప్రొడక్షన్లో పడిపోతుంది, డెవలపర్ వచ్చి కూర్చుంటే బుద్ధిగా నడుస్తుంది. లాగ్ ఉండదు. 'రీప్రొడ్యూస్ కావట్లేదు' అని రాసి టికెట్ మూసేస్తాం. అమ్మమ్మ టికెట్టూ అలాగే మూసేశారు. (డాక్టర్ని తిట్టట్లేదు, ఆయన చేతిలో ఉన్న కాగితం అదే చెప్పింది మరి.)

తాళం తప్పిన గుండెలో తప్పు ఎక్కడ పుడుతోందో వెతకడం మొదలెట్టింది పెద్దాసుపత్రుల వాళ్ళేం కాదు. ఇంగ్లండులో బర్న్‌లీ అనే నూలుమిల్లుల ఊళ్ళో జేమ్స్ మెకంజీ అని ఒక మామూలు ప్రాక్టీసు డాక్టరు. మణికట్టు నాడినీ, మెడ సిర కదలికనీ ఒకే కాగితం మీద గీయించేవాడు. నాడి బొత్తిగా గాడి తప్పినవాళ్ళలో మెడ దగ్గర పైగది అల మాయమైపోవడం గమనించాడు. పైగది చచ్చుబడిందనుకున్నాడు. చోటు సరిగ్గానే పట్టాడు, కారణం తప్పు. అది చచ్చుబడలేదు, వణుకుతోందని 1909లో థామస్ లూయిస్ ఈసీజీతో తేల్చాడు. అదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వణికే గదిలో నెత్తురు నిలవుండి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం.

అక్కణ్ణించి దగ్గరకి, ఇంకా దగ్గరకి జరిగారు. 1968 మే 2న అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో సీలీ అనే సర్జన్ ఒక జాలరి గుండె తెరిచి, పైన ఎలక్ట్రోడ్ ఆనించి చూసుకుంటూ, కరెంటు దొడ్డిదారిన పోతున్న చోటు కనిపెట్టి కోసేశాడు. మన అంతర్వేది రేవులో వేటకెళ్ళే మనిషిలాంటివాడేనన్నమాట ఆ పేషంటు. 1998లో ఫ్రాన్సులో బోర్డో వాళ్ళు, హైసాగేర్ బృందం, 45 మందిలో వైర్లు లోపలికి పంపి వెతికితే, ఫిబ్రిలేషన్ని రాజేసే చోట్లు 69 దొరికాయి. అందులో 65 ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల్లోనే! అందరూ గదిలో వెతుకుతుంటే దొంగ గుమ్మం దగ్గరున్నాడు.

సరే, మన గోదారికొద్దాం. ఇక్కడా ఒక 45 ఉంది. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో, 1,80,162 మంది జనాభాలో, ఏడాదిలో పోయిన 1354 మంది ఎందుకు పోయారో వెతికారు. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ వాళ్ళు, సిడ్నీ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వగైరా కలిసి చేసిన పని. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవాళ్ళ ఇళ్ళకెళ్ళి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చూసి డాక్టర్లు కారణం రాశారు. క్రాష్ అయ్యాక కోర్ డంప్ చదవడమే ఇది. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం. అంటురోగాలు 12 శాతమే. పల్లెల్లో జనం విషజ్వరాలతోనే పోతారనుకునే నాలాంటివాళ్ళకి ఇది చెంపదెబ్బ.

ఆ 32లో గుండెపోటూ పక్షవాతమూ దాదాపు సమానం. కానీ పక్షవాతం వెనక వణికే గది ఉందో లేదో ఇంటివాళ్ళ మాటల్లో ఎలా దొరుకుతుంది? ఆ సమయానికి తీసిన ఈసీజీ ఒక్కటుండాలి. మా అమ్మమ్మని అడిగినా 'పక్షవాతం' దగ్గరే ఆగిపోయేది.

అన్నట్టు అదే ఫౌండేషన్ పశ్చిమగోదావరిలో 'అశ్విని' అని ఇంకో పని చేసింది. ఇంట్లో నాలుగు గోడల మధ్య వాడుకునే వైఫైని టవర్లెక్కించి, కిలోమీటర్ల దూరం లాగి, పల్లెల్లో కూర్చున్నవాళ్ళకి వీడియోలో డాక్టర్ని చూపించారు. పంటు ఎక్కకుండా డాక్టరు! (1905లోనే ఐంథోవెన్ ఆసుపత్రిలో పేషంటు గుండె గీతని ఒకటిన్నర కిలోమీటరు టెలిఫోను తీగ మీద తన లాబుకి తెప్పించుకున్నాడు, ఆలోచన కొత్తదేం కాదు.) ఫౌండేషన్ వెనకున్నది సత్యం రాజుగారి కుటుంబం. 2009 జనవరి 7 ఉత్తరం సంగతి మన ఫీల్డువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆయన లెక్కల్ని నేను వెనకేసుకురాను. అలాగని ఆ ఊళ్ళలో జరిగిన పనిని దొంగలెక్కల్లో కలిపెయ్యడానికీ మనసొప్పదు.

పోయినేడాది అమ్మకీ మొదలైంది. అదే పిట్ట. ఈసారి తమ్ముడు ఆటో కోసం పరిగెత్తలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఫోనుకి తగిలించే చిన్న ఈసీజీ పట్టీ మీద వేళ్ళు పెట్టించి, ముప్ఫై సెకన్ల గీత నాకు వాట్సాప్ చేశాడు. కార్డియాలజిస్టుకి పంపాను. ఏట్రియల్ ఫిబ్రిలేషనే. ఇప్పుడు నెత్తురు గడ్డకట్టకుండా మందు వాడుతోంది. ఎక్కణ్ణుంచి పుడుతోందో లోపలికెళ్ళి చూడాలా వద్దా అన్నది వచ్చే నెల తేలుస్తారట.

అమ్మమ్మ ఈసీజీ కాగితం బీరువాలో ఇంకా ఉంది. థర్మల్ పేపరు కదా, గీత సగం వెలిసిపోయింది. మిగిలిన సగం నార్మలే.