గుల్లలో కాపురముండు పీత



ఒకరు విడిచిన యింట వేరొకరు కాపురముండుట మనకు వింత కాదు. జన్మమంతయు అట్లే గడుపుకొను ప్రాణి యొకటి కలదు. దానిని సన్యాసి పీత యందురు. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

హిందూ మహాసముద్రమున కీలింగు దీవులను పగడపు దీవులు కలవు. 1836 ఏప్రిల్ నెలలో చార్లెస్ డార్విన్ పండితుడు బీగిల్ అను ఓడలో అచ్చటికి వచ్చెను. ఒడ్డున దొరికిన నత్తగుల్లలను వీపున మోసికొని నేలమీద తిరుగు పీతలు ఆయనకు ఎల్లెడల కానవచ్చెను. ఆ సంగతిని తన యాత్రాగ్రంథమున వ్రాసియున్నాడు.

ఈ పీతకు ముందుభాగము గట్టిది. వెనుకభాగము మెత్తనిది, వంకరయైనది. కావున చచ్చిన నత్త గుల్లలో దూరి దానినే యిల్లుగా చేసికొనును. అందు కొంచెము నీటిని నిలువచేసికొనుటచే మొప్పలు తడియారక నేలపై బ్రతుకుచున్నది. ఒడలు పెరిగినకొలది పెద్ద గుల్లకై వెదకవలసినదే. ఆడుపీత గ్రుడ్లు విడుచుటకు మాత్రము సముద్రపుటొడ్డునకు పోవును. పిల్లలు కొన్ని వారములు నీటిలో తేలియాడి, పిదప చిన్న గుల్లతో ఒడ్డెక్కును.

ఒక పీత చచ్చినచో ఆ వాసనకు తక్కినవి గుమిగూడును. ఇల్లు ఖాళీ అయినదను కబురు వానికి అట్లు అందును. తరతరములుగా మేలుచేసిన యీ గుణమే నేడు వానికి మృత్యువైనది. సముద్రము ఆ దీవుల యొడ్డున ప్లాస్టిక్ సీసాలను తెచ్చి పోయుచున్నది. మూతి పైకి వాలియున్న సీసాలో దూరిన పీత, నున్నని గోడ నెక్కలేక అందే చచ్చును. ఆ వాసనకు మరియొకటి వచ్చి దూరును, దానికి వేరొకటి. పరిశోధకులకు ఒక్క పాత్రలోనే 526 పీతలు కానవచ్చినవి. కీలింగు దీవులలో ఇట్లు చిక్కి చచ్చునవి సుమారు 5,08,000 అని 2019లో వారు అంచనా ప్రకటించిరి.

ఈ పీతలు నేలను గుల్లచేసి, గింజలను చెదరజల్లి, దీవుల చెట్లకు మేలుచేయునవి. అవి తరిగినచో ఆ నేలకే నష్టము.

ఆ దీవులు మనకు దూరమే. అయినను మన యూరి కాలువలో విసరిన సీసా యేటిలో కలిసి సముద్రమును చేరగలదు. అటుపై అది యే యొడ్డున తేలునో మన మెరుగము. పెద్దలు ఈ మాట ఇంటిలోని పిల్లలకు చెప్పవలెనని నా ప్రార్థన.