లాలాగూడ రైల్వే వర్క్‌షాపు: కొనుగోలు, పొరుగు సేవల వ్యూహాలు

ఒక సంస్థ తనకు కావలసిన వస్తువును తానే తయారు చేసుకోవాలా లేక బయట కొనాలా, కొంటే ఎందరి వద్ద కొనాలి, పనిని కాంట్రాక్టుకు ఇస్తే ఎంతవరకు ఇవ్వాలి అనే విషయాలపై తీసుకొనే నిర్ణయాలను సరఫరా గొలుసు నిర్వహణలో కొనుగోలు, పొరుగు సేవల వ్యూహాలు అంటారు. పొరుగు సేవలకే వాడుకలో ఔట్‌సోర్సింగ్ అని పేరు. సికింద్రాబాదు లోని లాలాగూడలో ఉన్న రైల్వే క్యారేజి వర్క్‌షాపు ఈ ప్రశ్నలన్నిటినీ నూరేళ్ళకు పైగా ఎదుర్కొంటున్న సంస్థ. దానికి తోడు అదే ప్రాంతంలో ఎలక్ట్రిక్ లోకో షెడ్డు, దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి. బోల్టు మొదలు మందుబిళ్ళ దాకా కొనవలసిన అవసరం ఈ చిన్న ప్రాంతంలోనే కనిపిస్తుంది.

చరిత్ర

వాడి-సికింద్రాబాదు రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1893లో లాలాగూడ వర్క్‌షాపును నెలకొల్పింది. ఆ కాలంలో భారతదేశంలోని రైల్వే కంపెనీలు ఇంజన్లను, చక్రాలను, ఇనుప చట్రాలను బ్రిటను నుండి తెప్పించుకొని, పెట్టెల చెక్కపనిని, మరమ్మతులను ఇక్కడి వర్క్‌షాపులలో చేయించుకొనేవి. కొనవలసిన వస్తువు ఓడలో రావాలి కనుక, విరిగిన భాగాన్ని పోతపోసి, చెక్కి, సానబట్టి మళ్ళీ వాడుకోవడమే తెలివైన పని. వర్క్‌షాపులలో ఫౌండ్రీ, కమ్మరిశాల, వడ్రంగిశాల ఒకే ఆవరణలో ఉండడానికి కారణం ఇదే. అప్పటికి అది వ్యూహమని ఎవరూ పేరు పెట్టలేదు, గత్యంతరం లేక చేసినది.

బొగ్గు విషయంలో మాత్రం దారి వేరు. ఇల్లెందు (సింగరేణి) ప్రాంతపు బొగ్గును తవ్వడానికి 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ ఏర్పడింది. డోర్నకలు నుండి ఇల్లెందుకు రైలు శాఖను వేయడంతో, రైల్వేకు ఇంధనం తన మార్గం పక్కనే దొరికింది. ఇక్కడ రైల్వే ఆ కంపెనీకి కొనుగోలుదారు మాత్రమే కాదు, దాని బొగ్గును మోసే రవాణాదారు కూడా. ఒకరు లేనిదే మరొకరికి గడవని ఇటువంటి సంబంధంలో బేరమాడడం కన్నా దీర్ఘకాలిక ఒప్పందానికే విలువ ఎక్కువ.

1930లో ఈ రైల్వేను నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1950లో భారతీయ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాదు కేంద్రమయింది. ఇంతలో రైల్వేశాఖ స్వంత తయారీ వైపు మొగ్గింది. 1950లో చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్, 1955లో మద్రాసు పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్), 1984లో బెంగుళూరు యలహంకలో చక్రాల కర్మాగారం వచ్చాయి. లాలాగూడ వంటి వర్క్‌షాపులకు చాలా ముఖ్యమైన వస్తువులు ఒకే కుటుంబానికి చెందిన కర్మాగారాల నుండి అందసాగాయి.

సైద్ధాంతిక నేపథ్యం

తయారీయా, కొనుగోలా అనే ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో మొదటి సమాధానం రోనాల్డ్ కోస్ 1937లో ప్రచురించిన వ్యాసంలో ఉంది. మార్కెట్లో కొనడానికీ ఖర్చు అవుతుంది: అమ్మేవాడిని వెదకాలి, ధర తేల్చాలి, ఒప్పందం రాసుకోవాలి, అది అమలు జరిగేలా చూసుకోవాలి. ఈ ఖర్చు స్వంతంగా చేసుకొనే ఖర్చును మించినపుడు సంస్థ ఆ పనిని తనలో కలుపుకుంటుంది. కోస్‌కు 1991లో నోబెల్ బహుమతి లభించింది. ఒక కొనుగోలుదారుకు మాత్రమే పనికివచ్చే యంత్రాలపై, నైపుణ్యంపై పెట్టుబడి పెట్టిన తర్వాత ఇరుపక్షాలూ ఒకరి చేతిలో మరొకరు చిక్కుకుంటారని ఆలివర్ విలియంసన్ విస్తరించి చెప్పాడు (నోబెల్, 2009). రైలుపెట్టె బ్రేకు డిస్కును మరెవరికీ అమ్మలేరు కాబట్టి, రైల్వే సరఫరాదారులకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

కొనుగోలు అధికారులు ఎక్కువగా వాడే పద్ధతి 1983లో పీటర్ క్రాల్జిక్ ప్రతిపాదించిన పట్టిక. ఇందులో వస్తువులను రెండు కొలతలతో విభజిస్తారు: సంస్థ లాభనష్టాలపై వస్తువు ప్రభావం ఎంత, అది దొరకకపోయే ప్రమాదం ఎంత. లాలాగూడ వంటి వర్క్‌షాపుకు దీన్ని అన్వయిస్తే, బోల్టులు, తుడుపు గుడ్డలు మామూలు వస్తువులు. వాటిపై అధికారి సమయం వృథా చేయకూడదు. బ్రేకు బ్లాకులు, సీట్ల రెక్సిను వంటివాటికి ఖర్చు ఎక్కువ, కానీ తయారీదారులు చాలామంది ఉన్నారు కనుక పోటీ టెండరుతో ధర తగ్గించవచ్చు. చక్రాలు, బేరింగులు వ్యూహాత్మక వస్తువులు. నాలుగవ గది అన్నిటికన్నా చిక్కైనది. కొద్ది రూపాయల రబ్బరు భాగం, ఒకే కంపెనీ చేసే చిన్న వాల్వు ఇందులోకి వస్తాయి. జమాఖర్చుల పుస్తకంలో వాటి విలువ స్వల్పం. అది లేనపుడు మాత్రం మొత్తం పెట్టె వర్క్‌షాపులో నిలిచిపోతుంది. ఖర్చును బట్టి వస్తువులను వర్గీకరించే ఏ-బీ-సీ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ నాలుగవ గది కనబడదు. అందువల్లనే దానితోపాటు, వస్తువు ఎంత అత్యవసరమో చూసే మరొక వర్గీకరణనూ పాటిస్తారు.

వర్క్‌షాపు గిరాకీ

మరమ్మతు వర్క్‌షాపుకు కర్మాగారానికి లేని ఒక సౌలభ్యం, ఒక ఇబ్బంది ఉన్నాయి. పెట్టెలు నిర్ణీత కాలానికి తనిఖీకి వస్తాయి కాబట్టి ఏ నెలలో ఎన్ని వస్తాయో ముందే తెలుస్తుంది. ప్రతిసారీ తప్పనిసరిగా మార్చవలసిన భాగాల జాబితా కూడా ఉంటుంది. వీటి అవసరాన్ని దాదాపు ఖచ్చితంగా లెక్కకట్టవచ్చు. కానీ తుప్పు ఎంత పట్టింది, ఏ స్ప్రింగు అలసిపోయింది అనేది పెట్టెను విప్పితే గాని తెలియదు. ఈ రెండవ రకానికి నిల్వ ఉంచక తప్పదు. ఎంత నిల్వ ఉంచాలనేది సరఫరాదారు ఎంతకాలంలో అందిస్తాడు, ఎంత క్రమంగా అందిస్తాడు అన్నదానిపై ఆధారపడుతుంది. నమ్మకమైన సరఫరాదారు రెండు రూపాయలు ఎక్కువ అడిగినా, గోదాములో తగ్గే నిల్వను లెక్కవేస్తే అతడే చవక కావచ్చు.

ప్రభుత్వ కొనుగోలు నియమాలు

రైల్వే ప్రభుత్వశాఖ కావడంతో, ప్రైవేటు సంస్థలా తనకు నచ్చిన సరఫరాదారుతో చేయి కలపడం కుదరదు. సాధారణ నియమం బహిరంగ టెండరు, అర్హులలో అతి తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు. కొద్దిమందినే పిలిచే పరిమిత టెండరు, ఒకే తయారీదారు ఉన్నపుడు ధృవపత్రంతో పిలిచే ఏక టెండరు దీనికి మినహాయింపులు. భద్రతకు సంబంధించిన వస్తువులను లక్నో లోని పరిశోధన, రూపకల్పన, ప్రమాణాల సంస్థ (ఆర్‌డీఎస్‌ఓ) వంటి సంస్థలు ఆమోదించిన తయారీదారుల వద్దనే కొంటారు. కొత్తగా రంగంలోకి వచ్చిన తయారీదారుకు మొదట కొంత వాటా మాత్రమే ఇచ్చి, పనితీరు చూశాక పెంచుతారు. టెండర్లన్నీ క్రిస్ సంస్థ రూపొందించిన ఐరెప్స్ వేదికపై ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతాయి. కేంద్ర శాఖలన్నిటికీ రేటు కాంట్రాక్టులు కుదిర్చిన డీజీఎస్&డీ 2017 అక్టోబరులో మూతబడింది. సాధారణ వస్తువులకు 2016లో ప్రారంభమైన జెమ్ వేదిక దాని స్థానాన్ని తీసుకుంది.

ధర ఒక్కటే లక్ష్యం కాదని చెప్పే నియమాలూ ఉన్నాయి. 2012 నాటి ప్రభుత్వ కొనుగోలు విధానం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 20 శాతం వాటాను నిర్దేశించింది. 2018లో దీన్ని 25 శాతానికి పెంచారు. చిన్న పరిశ్రమ చెప్పిన ధర అతి తక్కువ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ తక్కువ ధరకు దిగివచ్చి తన వాటాను పొందవచ్చు. బాలానగరు, మౌలాలి, కుషాయిగూడ పారిశ్రామికవాడలున్న హైదరాబాదుకు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఎల్‌హెచ్‌బీ పెట్టెలు

లాలాగూడ సరఫరా గొలుసును బాగా మార్చినది పెట్టె నమూనా మారడమే. పాత ఐసీఎఫ్ పెట్టె భాగాలను దశాబ్దాలుగా దేశంలోని ఎందరో చిన్న తయారీదారులు చేస్తూ వచ్చారు. జర్మనీకి చెందిన లింకె-హాఫ్‌మన్-బుష్ సాంకేతికతతో కపుర్తలాలో మొదలైన ఎల్‌హెచ్‌బీ పెట్టెలు క్రమంగా వాటి స్థానంలోకి వచ్చాయి. 2018 జనవరిలో ఐసీఎఫ్ తన పాత నమూనా తయారీని పూర్తిగా ఆపివేసింది. కొత్త పెట్టెకు ఇరుసు మీద డిస్కు బ్రేకులు, ఫియట్ బోగీ, కార్ట్రిడ్జ్ బేరింగులు ఉంటాయి. పట్టాలు తప్పినా పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ఆపడంలో ఇది మెరుగైనది. కాబట్టి ప్రయాణికుల భద్రత దృష్ట్యా ఈ మార్పును తప్పుపట్టడానికి వీలులేదు. కాని దీని భాగాలలో చాలావాటికి మొదట్లో తయారీదారులు కొద్దిమందే. వర్క్‌షాపు ఫౌండ్రీలో పోతపోసుకొనే రోజులు పోయి, ఒక బహుళజాతి కంపెనీ కేటలాగు సంఖ్యను రాసి ఎదురుచూసే రోజులు వచ్చాయి.

దిగుమతిపై ఆధారపడితే ఏమవుతుందో 2022లో తెలిసింది. వందే భారత్ రైళ్ళకు చక్రాలను ఉక్రెయిను కంపెనీకి ఆర్డరు చేసి ఉండగా, ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. మొదటి విడత చక్రాలను లారీలలో రుమేనియాకు చేర్చి, అక్కడినుండి విమానంలో తెప్పించవలసి వచ్చింది. ఆ తర్వాత ఫోర్జ్‌డ్ చక్రాలను దేశంలోనే చేయించడానికి రైల్వే దీర్ఘకాలిక కొనుగోలు హామీతో టెండరు పిలిచింది. 2023లో రామకృష్ణ ఫోర్జింగ్స్, టీటాగఢ్ సంస్థల కూటమికి ఆ కాంట్రాక్టు దక్కింది. ఏటా ఇన్ని చక్రాలు కొంటామని ఇరవై ఏళ్ళకు మాట ఇవ్వడం, ఏటా తక్కువ ధర వెదికే పాత అలవాటుకు పూర్తిగా భిన్నమైన వ్యూహం.

కవచ్ ఉదాహరణ

కొనుగోలుదారు తెలివిగా వ్యవహరిస్తే సరఫరాదారుల సంఖ్యను తానే పెంచుకోవచ్చనడానికి ఉదాహరణ, రైళ్ళు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థ. దీని ప్రమాణాన్ని ఆర్‌డీఎస్‌ఓ రూపొందించగా, ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. ప్రయాణికుల రైళ్ళపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2018-19లో మూడు సంస్థలకు ఆమోదం లభించింది: మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాదువే. 2020 జులైలో దీన్ని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. ఇందులో అసలు కిటుకు ప్రమాణం రైల్వే చేతిలోనే ఉండడం. ఒక సంస్థ ఇంజనులో అమర్చిన పరికరం మరొక సంస్థ పట్టాల పక్కన పెట్టిన పరికరంతో మాట్లాడగలగాలని షరతు పెట్టారు. అందుచేత ఏ ఒక్క సరఫరాదారుకూ రైల్వే బందీ కాలేదు. ఎల్‌హెచ్‌బీ విడిభాగాల అనుభవంతో పోలిస్తే తేడా స్పష్టంగా కనబడుతుంది.

పనుల అప్పగింత

వస్తువులతోపాటు పనులను కూడా బయటివారికి అప్పగించడం 2000 తర్వాత రైల్వేలో బాగా పెరిగింది. పెట్టెలు శుభ్రపరచడం, నడిచే రైలులో పారిశుధ్యం కాంట్రాక్టుకు వెళ్ళాయి. దుప్పట్ల ఉతుకుడుకు కాంట్రాక్టరే స్వంత ఖర్చుతో యంత్రశాల కట్టి, కొన్నేళ్ళు నడిపి, ఆపై రైల్వేకు అప్పగించే పద్ధతి వచ్చింది. ఇంజన్లలో మధేపురా ఒప్పందం (2015) ఇంకా ముందుకు పోయింది. ఆల్‌స్తోం భాగస్వామ్య సంస్థ 800 సరకు ఇంజన్లను తయారు చేయడమే గాక, వాటి నిర్వహణకు సహారన్‌పూరు, నాగపూరులలో డిపోలనూ ఏర్పాటు చేయాలి. లాలాగూడ షెడ్డులోని ఇంజన్లను చూసుకొనేది మాత్రం రైల్వే సిబ్బందే.

ఏ పని ఇవ్వవచ్చు, ఏది ఇవ్వరాదు అన్నదానికి 1990లో ప్రహ్లాద్, హామెల్ ప్రతిపాదించిన మూల సామర్థ్యం అనే భావనను చెబుతుంటారు. చట్టంలో కూడా ఇటువంటి గీత ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టానికి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 2003లో చేసిన సవరణ, సంస్థ మూల కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూ, పారిశుధ్యం, కాపలా, క్యాంటీను వంటివాటిని మూల కార్యకలాపాలు కావని పేర్కొంది. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత కోడు ఇంచుమించు ఇదే విభజనను దేశమంతటికీ తీసుకొచ్చింది. అయితే గీత గీయడం కాగితం మీద సులువు. బ్రేకు బిగించడం మూల కార్యకలాపమే. పెట్టె అడుగు భాగాన్ని కడిగే పని పారిశుధ్యమా, లేక పగులును మొదట చూసే అవకాశమున్న తనిఖీయా?

కార్మిక సంఘాలు శాశ్వత స్వభావం గల పనులను కాంట్రాక్టుకు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ వచ్చాయి. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీం కోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు తమంతట తాము సంస్థ ఉద్యోగులు కాబోరని తీర్పు చెప్పింది. కూలీయే ప్రధాన ఖర్చయిన పనులకు అతి తక్కువ ధరకే టెండరు ఇస్తే, ధర తగ్గేది కార్మికుని జీతంలోనో, భవిష్యనిధిలోనో. దీన్ని అరికట్టడానికి కనీస వేతనాన్ని టెండరు అంచనాలో కలిపి, జీతం బ్యాంకు ఖాతాలో జమ అయినట్లు రుజువు చూపితేనే బిల్లు చెల్లించే షరతులు పెడుతుంటారు. పని పోయినచోట మరొక నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. ఫౌండ్రీని మూసిన వర్క్‌షాపుకు పదేళ్ళ తర్వాత పోతవస్తువు ధర సమంజసమో కాదో చెప్పగల మేస్త్రీ ఉండడు. అప్పుడు టెండరులో వచ్చిన అంకెను నమ్మడం తప్ప కొనుగోలు అధికారికి వేరే కొలబద్ద ఉండదు. కొన్ని సంస్థలు ఈ కారణంగానే కొనే వస్తువులో కొంత భాగాన్ని స్వంతంగా తయారు చేస్తూ ఉంటాయి.