‘విత్’ ఒకప్పుడు తోడు కాదు

ఇంగ్లిష్ ‘విత్’ అనగానే మనకు ‘తో’ తడుతుంది. వెయ్యేళ్ల కిందట ఆ మాటకు ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. తోడుగా అని చెప్పడానికి అప్పట్లో ‘మిడ్’ ఉండేది; జర్మన్‌లో నేటికీ ‘మిట్’ అనే అంటారు. తర్వాతి శతాబ్దాల్లో విత్ మెల్లగా దాని చోటు ఆక్రమించింది. మిడ్ జాడ ‘మిడ్‌వైఫ్’లో మిగిలింది. అక్కడ వైఫ్ అంటే భార్య కాదు, స్త్రీ. కాన్పు వేళ తల్లి పక్కనుండే ఆడమనిషి అన్నమాట. ఎంత నిండైన మాట!

విత్ పాత అర్థమూ పూర్తిగా పోలేదు. ‘విత్‌స్టాండ్’ అంటే కలిసి నిలబడటం కాదు, ఎదురొడ్డి నిలవడం. బ్యాంకులో రోజూ వినే ‘విత్‌డ్రా’లో ఉన్నది వెనక్కి లాగడం. అందుకే ప్రిపొజిషన్ పక్కన ఒక్క తెలుగు ప్రత్యయం రాయించి పిల్లలచేత బట్టీ పట్టించడం నాకు నచ్చదు. క్రియతో కలిపి, వాక్యంలో చూపించాలి.

‘హీ ఫాట్ విత్ ద ఫ్రెంచ్’ అంటే ఫ్రెంచివాళ్ల మీద పోరాడాడా, వాళ్ల పక్షానా? సందర్భమే తేల్చాలి. మన ‘తో’కూ ఈ గుణం ఉంది. ‘తమ్ముడితో పోట్లాడాడు’ అంటే గొడవ తమ్ముడి మీదే. ‘తమ్ముడితో వెళ్లి పోట్లాడాడు’ అంటే తమ్ముడు తన పక్షమే.