తప్పు కాలిదా, పెడల్‌దా? రడ్డర్ పెడల్ వెనక నూట ఇరవై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొగుళ్లపల్లిలో మా ఇంట్లోనే షూట్ చేస్తున్నా. నా ముందు టేబుల్ మీద ఊడదీసి పెట్టిన ఈ నల్ల డబ్బా చూడండి. స్క్రూలు ఒక గిన్నెలో, స్ప్రింగులు ఇంకో గిన్నెలో. ఇవి రడ్డర్ పెడల్స్. ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్లు కాళ్లతో తొక్కేవి. 2020 ఆగస్టులో కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చాక, జాబ్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా.

మా బాబాయి బిడ్డ ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. పైలట్ అవుతా అంటుంది. దసరా సెలవులకు వచ్చి రోజూ ఈ పెడల్స్ మీదే ప్రాక్టీస్ చేసింది. ప్రతి టేకాఫ్‌లో ఒకటే కథ. విమానం ఎడమకు గుంజుకపోయి రన్‌వే దాటి గడ్డిలోకి పోతుంది. చివరికి ఒకరోజు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "అన్నా, నా కాలే మంచిగ లేదు. నాతోని కాదు" అంది. నేనేం చేశాను? "ప్రాక్టీస్ చెయ్ చెల్లే, వస్తది" అన్నా. అంటే తప్పు ఆమెదే అని నేను కూడా ఒప్పుకున్నట్టే కదా. పెడల్‌ను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

తప్పు కాలిదా, పెడల్‌దా? ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టింది కాదు. విమానాల చరిత్రలో వందల ప్రాణాలు పోయిన తర్వాత కూడా ఇదే ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఇవాళ ఆ చరిత్ర చెప్తా. తర్వాత ఈ డబ్బా రిపేర్ చేద్దాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. రడ్డర్ అంటే సైకిల్ హ్యాండిల్ లాంటిది, అది తిప్పితే విమానం తిరుగుతుంది అనుకుంటాం. కాదు. విమానం రెక్కలు వంచి తిరుగుతుంది. కానీ ఒక రెక్క పైకి లేచేటప్పుడు దాని మీద గాలి నిరోధం పెరిగి, ముక్కును తిరగాల్సిన వైపు కాకుండా అవతలి వైపు లాగుతుంది. ఆ ముక్కును దారిలో పెట్టేది తోక మీద ఉండే రడ్డర్.

ఈ గొడవ మొదట ఎదుర్కొన్నవాళ్లలో రైట్ సోదరులు ఉన్నారు. 1902లో వాళ్ల గ్లైడర్‌కు తోక ఉంది, కానీ కదలదు. వంపు తిరిగినప్పుడు ఒక్కోసారి గ్లైడర్ పక్కకు జారి, రెక్క కొనతో ఇసుకలో గుంత పెట్టేది. వాళ్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు "బావి తవ్వుడు". తోక కదిలేలా చేద్దాం అని ఆర్విల్ అన్నాడు. సరే, కానీ దాన్ని రెక్కలు వంచే తీగలకే కట్టేద్దాం అని విల్బర్ అన్నాడు. పైలట్ బోర్లా పడుకొని నడుము కదిలిస్తే రెక్కలు, తోక రెండూ కదిలేవి. అంటే 1903లో ఎగిరిన విమానంలో రడ్డర్ ఉంది, కాళ్లకు మాత్రం పని లేదు. 1905కి రడ్డర్‌ను విడదీశారు, అది కూడా చేతికే ఇచ్చారు.

కాళ్లకు పని దొరికింది యూరప్‌లో. 1909 జులై 25న లూయీ బ్లేరియో ఇంగ్లిష్ ఛానల్ దాటిన విమానంలో చేతికి కర్ర, కాళ్లకు అడ్డంగా ఒక బార్ ఉన్నాయి. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన కాలు కాలింది, ఊతకర్రలతో కుంటుతూ నడుస్తున్నాడు. ఆ కాలితోనే రడ్డర్ తొక్కుతూ సముద్రం దాటాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. చిన్నప్పుడు బేరింగుల బండి చేసుకొని ఆడినోళ్లకు వెంటనే అర్థమవుతుంది. ముందు చెక్కను కాళ్లతో తోస్తాం కదా, కుడికాలు తోస్తే బండి ఎడమకు పోతుంది. విమానంలో రివర్స్. కుడికాలు తోస్తే ముక్కు కుడికే. ఎందుకంటే బార్ కుడి కొన నుంచి తీగ తోక కుడివైపుకు నేరుగా పోతుంది. కుడికాలు ముందుకు నెడితే ఆ తీగ రడ్డర్‌ను కుడికి లాగుతుంది. అప్పటి బార్ పోయి ఇప్పుడు రెండు పెడల్స్ వచ్చాయి. కుడికాలు తొక్కితే కుడికి అన్న రూల్ మాత్రం అలాగే ఉంది.

మరి కాళ్లకు ఇది నేర్పేదెట్లా? గాల్లో నేర్పితే ఒక్క తప్పుకే ప్రాణం పోతుంది. అమెరికాలో బింగ్‌హాంటన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్నకు పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఆర్గాన్ గాలితో పలుకుతుంది, లోపల తోలు తిత్తులు ఉంటాయి. మన కమ్మరి కొలిమి తిత్తి గుర్తు తెచ్చుకోండి. లింక్ ఆ తిత్తులనే ఒక చిన్న విమానం బొమ్మ కింద పెట్టాడు. పెడల్ తొక్కితే వాల్వు తెరుచుకుంటుంది, తిత్తుల్లో గాలి మారుతుంది, బొమ్మ తిరుగుతుంది. 1929లో పేటెంట్‌కు అప్లై చేశాడు. ఫ్లయింగ్ స్కూళ్లు పెద్దగా పట్టించుకోలేదు, ఎగ్జిబిషన్ పార్కుల్లో ఆటవస్తువుగా అమ్ముడుపోయింది.

1934లో లెక్క మారింది. అమెరికా సైన్యం పైలట్లకు ఉత్తరాలు మోసే పని అప్పజెప్పారు. చలికాలం, మబ్బులు, రాత్రులు. కొన్ని వారాల్లోనే పది మందికి పైగా పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ ఆటవస్తువులను ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి పదివేలకు పైగా తయారయ్యాయి. ఇవాళ మన టేబుల్ కింద ఉన్న పెడల్స్‌కు తాత ఆ పెట్టె.

అదే యుద్ధ కాలంలో మన బేగంపేటలో పైలట్లకు మొదటి పాఠాలు చెప్పే ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. అక్కడ నేర్పింది టైగర్ మాత్ అనే రెండు అంతస్తుల రెక్కల విమానం మీద. మన ఉమ్మడి వరంగల్ జిల్లా మామునూరులో కూడా నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. ఆ కాలం విమానంలో కాలికీ తోకకూ మధ్య ఉన్నది ఒక తీగ, అంతే. తీగ వదులైతే మెకానిక్ చేత్తో తడిమి చెప్పేవాడు. అరుగుదల కంటికి కనిపించేది.

ఇప్పుడు మన పెడల్స్‌కు వద్దాం. పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీర్ ఆపిల్ కంప్యూటర్ కోసం ఫ్లైట్ సిమ్యులేటర్ రాశాడు. 1982లో మైక్రోసాఫ్ట్ మొదటి వెర్షన్ తెచ్చింది. ఇంట్లో తీగ కట్టడానికి తోక లేదు కదా! కాలు ఎంత కదిలిందో కంప్యూటర్‌కు అంకెగా చెప్పాలి. దానికి చవకైన దారి పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ వెనక ఉండేది అదే. లోపల అర్ధచంద్రాకారంలో కార్బన్ పూత, దాని మీద రుద్దుకుంటూ కదిలే చిన్న లోహపు ముక్క. రుద్దుకుంటే అరుగుతుంది. పాత రేడియో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది ఈ అరుగుదల వల్లే. అయితే రేడియోలో అది వినిపించేది, పెడల్‌లో వినపడదు, కనపడదు. స్క్రీన్ మీద విమానం పిచ్చిగా కదులుతుంది, మనం మన కాలును తిట్టుకుంటాం.

సరిగ్గా ఇలాంటి అనుమానమే నిజం విమానాల్లో ఎంత దూరం పోయిందో చూడండి. 1991 మార్చి 3న అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర యునైటెడ్ 585 అనే బోయింగ్ 737 కూలి 25 మంది చనిపోయారు. మొదటి దర్యాప్తు కారణం తేల్చలేకపోయింది. 1994 సెప్టెంబర్ 8న పిట్స్‌బర్గ్ దగ్గర ఇంకో 737, యూఎస్ఎయిర్ 427, కూలి 132 మంది చనిపోయారు. రడ్డర్ పూర్తిగా ఒక పక్కకు తిరిగిందని డేటా సూచించింది. తిప్పింది ఎవరు? పైలట్ కంగారులో తప్పు పెడల్ తొక్కి ఉండొచ్చని తయారీ కంపెనీ వాదించింది. రడ్డర్‌ను కదిలించే హైడ్రాలిక్ వాల్వును మామూలుగా టెస్ట్ చేస్తే బాగానే పనిచేసింది.

1996లో ఈస్ట్‌విండ్ 517 అనే ఇంకో 737కు అలాంటిదే జరిగింది. ఈసారి విమానం క్షేమంగా దిగింది, ఏం జరిగిందో చెప్పడానికి పైలట్లు బతికున్నారు. తర్వాత చేసిన పరీక్షల్లో వాల్వును బాగా చల్లబరిచి, అందులోకి వేడి హైడ్రాలిక్ ద్రవం ఎక్కించారు. వాల్వు జామ్ అయింది. అంతేకాదు, ఒక వైపు తొక్కితే రడ్డర్ ఇంకో వైపు తిరిగే పరిస్థితి వస్తుందని తేలింది. 1999లో 427 తుది రిపోర్టు వచ్చింది, 2001లో పాత 585 రిపోర్టు కూడా మార్చి రాశారు. 737ల రడ్డర్ సిస్టమ్‌ను మార్చాలని ఆదేశాలు వచ్చాయి.

నాకు ఇందులో గట్టిగా తగిలిన ముక్క ఒకటే. మామూలుగా చూస్తే బాగానే ఉన్న వాల్వు, ఒక ప్రత్యేక పరిస్థితిలోనే ఫెయిల్ అయింది. తప్పు ఏ పరిస్థితిలో జరిగిందో, పరీక్ష కూడా ఆ పరిస్థితిలోనే చెయ్యాలి.

నేను చేసిన తప్పు అదే. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ స్క్రీన్ తెరిచి, కుడి ఫుల్, ఎడమ ఫుల్ తొక్కి, రెండూ వస్తున్నాయి, పెడల్స్ ఓకే అనేసుకున్నా. కానీ టేకాఫ్‌లో ఎవరూ ఫుల్ తొక్కరు. ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల సింగిల్ ఇంజన్ విమానం ఎక్కువగా ఎడమకు గుంజుతుంది. దానికి కుడికాలితో కొంచెం కొంచెం ఒత్తాలి. అంటే పని అంతా సెంటర్ దగ్గరే. కార్బన్ పూత ఎక్కువగా అరిగేది కూడా అక్కడే.

ఈసారి సిమ్యులేటర్‌లో ఆటో రడ్డర్ ఆపేసి, డెడ్ జోన్ సున్నా చేసి, చాలా నెమ్మదిగా తొక్కా. సెంటర్ దాటి కొంతదూరం గీత కదలదు, తర్వాత ఒక్కసారి దూకుతుంది. చెల్లె కుడికి ఒత్తుతూనే ఉంది, కంప్యూటర్‌కు అది చేరలేదు. కాలు మంచిగనే ఉంది.

మీ దగ్గరా ఇదే సమస్య ఉంటే వరుసగా ఇలా చెయ్యండి. ముందు యూఎస్‌బీ పోర్టు మార్చి, మళ్లీ క్యాలిబ్రేట్ చేసి చూడండి. అప్పటికీ దూకుతుంటే కేబుల్ పీకేసి డబ్బా తెరవండి. స్ప్రింగులు ఎగురుతాయి, కళ్లు జాగ్రత్త. ప్రతి స్టెప్‌కు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొటెన్షియోమీటర్‌కు మూడు కాళ్లు ఉంటాయి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి మధ్య కాలికీ ఒక చివరి కాలికీ తగిలించి నెమ్మదిగా తిప్పండి. అంకె సాఫీగా మారాలి, దూకితే పూత పోయినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడుస్తుంది, దుమ్ము పోతుంది కానీ పోయిన పూత తిరిగి రాదు. కొత్తది కొంటే పాతదాని ఓమ్స్ విలువే, లీనియర్ రకమే తీసుకోండి. వాల్యూమ్‌కు వాడే లాగ్ రకం వద్దు. బిగించేటప్పుడు పెడల్స్ సమానంగా ఉన్నప్పుడు షాఫ్ట్ కూడా సరిగ్గా మధ్యలో ఉండాలి.

నేను కోఠి గుజరాతీ గల్లీకి పోయి హాల్ సెన్సర్ తెచ్చుకున్నా. దీని కథ విమానం కంటే పాతది. 1879లో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి, పలుచటి బంగారు రేకులో కరెంటు పోతుంటే పక్కన అయస్కాంతం ఉన్నప్పుడు అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని కనిపెట్టాడు. పెడల్ షాఫ్ట్‌కు అయస్కాంతం, దానికి ఎదురుగా సెన్సర్. రెండూ తాకవు, తాకనిది అరగదు. ఒక్క జాగ్రత్త, సెన్సర్ మీ బోర్డు ఇచ్చే వోల్టేజీకి, 3.3కా ఐదుకా చూసుకొని, సరిపోయేది కావాలి.

రిపేర్ అయింది, కథ అయిపోలేదు. సంక్రాంతికి చెల్లె మళ్లీ వచ్చింది. ఈసారి విమానం కుడివైపు గడ్డిలోకి పోయింది! ఎందుకు? పాత పెడల్ కొంచెం ఒత్తితే పలకదు కాబట్టి ఆమె కాలు గట్టిగా తన్నడం నేర్చుకుంది. పెడల్ బాగైంది, అది నేర్పిన చెడ్డ అలవాటు కాలిలో ఉండిపోయింది.

ఇది నవ్వుకునే విషయం కాదు. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 కూలి 265 మంది చనిపోయారు. ముందు పోయిన విమానం వదిలిన గాలి సుడిలో పడగానే కో పైలట్ రడ్డర్‌ను అటూ ఇటూ గట్టిగా తొక్కాడు, తోక నిలువు రెక్క విరిగిపోయింది. అక్కడ మాత్రం కాలే కారణమని దర్యాప్తు చెప్పింది. అంతటితో ఆగలేదు. ఆ విమానం రడ్డర్ సిస్టమ్ డిజైన్, ఆ ఎయిర్‌లైన్ ఇచ్చిన ట్రైనింగ్ కూడా తోడయ్యాయని 2004లో రాసింది. కాలు చేసే తప్పు వెనక కూడా, ఆ కాలికి ఏం నేర్పారు అన్న ప్రశ్న ఉంటుంది.

చెల్లెకు పాత అలవాటు పోవడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు పది టేకాఫ్‌లలో తొమ్మిది గీత మీదే పోతుంది. పైలట్ అవుతుందో లేదో నాకు తెలియదు. దానికి ఫీజులున్నాయి, మెడికల్ ఉంది, మా బాబాయిని ఒప్పించడం ఉంది. కానీ అరిగిపోయిన ఒక కార్బన్ పూత వల్ల మాత్రం ఆమె ఆగిపోకూడదు కదా.

మీ ఇంట్లో కూడా ఎవరైనా "నాతోని కాదు" అంటే, ప్రాక్టీస్ చెయ్ అనే ముందు ఒకసారి వాళ్ల చేతిలో, కాళ్ల కింద ఉన్న వస్తువును చూడండి. వాళ్లకు ఎక్కడ తప్పు వస్తుందో అక్కడే, నెమ్మదిగా తొక్కి చూడండి. మీకు ఇలాంటిది జరిగితే కామెంట్లలో రాయండి. మళ్లీ కలుద్దాం.