ఇరవయ్యొకటీ చిల్లర కిలోమీటర్లు: కొలిచిందెవరు?

ఈ మధ్య ఆఫీసు క్యాంటీన్లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా హాఫ్ మారథాన్ కబుర్లే. ఎవడు గంటా నలభైలో ముగించాడు, ఎవడు రెండు గంటల లోపు రాలేకపోయాడు, వచ్చే పందేనికి ఇంకో నిమిషం తగ్గించాలంటే ఏం చెయ్యాలి... ఇవన్నీ అయ్యాక చివర్లో ఒక ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. "నా వాచీ 21.4 చూపించింది బాస్, రూటు ఎక్కువ పెట్టి నా టైము పాడుచేశారు!" అని. ఈ ఫిర్యాదు వెనక అరవయ్యేళ్ళ చరిత్ర ఉంది. కొలతల చరిత్రంటే ఎవడికి ఆసక్తి అంటారా? నిజమే. కానీ మన టైముకి ఏమాత్రం విలువున్నా అది ఆ కొలతల పిచ్చోళ్ళ పుణ్యమే.

ముందు ఆ అంకె సంగతి. 21.0975 కిలోమీటర్లంటే మారథాన్లో సరిగ్గా సగం. మరి మారథాన్ 42.195 ఎందుకయ్యింది? 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అది సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండన్ వాళ్ళు విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. ఆ దారి ఎంతైతే అంత. 1921లో అదే దూరాన్ని ఖాయం చేసేశారు. ఎవరో ఒక క్లయింటు కోసం హార్డ్‌కోడ్ చేసిన విలువ వందేళ్ళుగా ప్రొడక్షన్లో నడుస్తున్నట్టన్నమాట.

సరే, అంకె ఖాయమయ్యింది. రోడ్డు మీద దాన్ని కొలిచేదెలా? ట్రాకంటే నాలుగొందల మీటర్ల చుట్టు, ఒకసారి కొలిస్తే చాలు. రోడ్డు అలా కాదు. వంపులుంటాయి, కూడళ్ళుంటాయి. కారేసుకుని వెళ్ళి మీటరు చూడ్డం, మ్యాపు మీద చిన్న చక్రం దొర్లించడం లాంటి పద్ధతులతో కానిచ్చేసేవాళ్ళు. కొన్ని వందల మీటర్లు అటూ ఇటూ అయినా పట్టించుకునే నాథుడు లేడు. ఎందుకంటే పందెం గెలిచేవాడికి దాంతో పనిలేదు. అందరికంటే ముందొస్తే కప్పు వాడిదే, రూటు 20 కిలోమీటర్లున్నా 22 ఉన్నా.

నష్టమల్లా ఎవరికయ్యా అంటే 237వ స్థానంలో వచ్చేవాడికి. పగలంతా ఉద్యోగం చేసుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చేసేవాడికి. వాడికి కప్పు రాదు, డబ్బు రాదు. వాడి చేతిలో మిగిలేది గడియారం చూపించే టైమొక్కటే. పోయినేడాది పరిగెత్తిన ఊళ్ళోదీ ఈ ఏడాది పరిగెత్తిన ఊళ్ళోదీ ఒకే దూరం కాకపోతే ఆ టైముకి అర్థం లేదు. అందుకే ఈ కొలతల గోల మొదలెట్టింది ఔత్సాహికులే అని తెలిసినప్పుడు నాకేమీ ఆశ్చర్యమనిపించలేదు.

ఇంగ్లండులో జాన్ జ్యూవెల్ అనే ఆయన 1961లో సైకిలు చక్రంతో రోడ్లు కొలిచే పద్ధతి మీద ఒక వ్యాసం రాశాడు. దాన్ని అందిపుచ్చుకుని అమెరికాలో నిలబెట్టినవాడు టెడ్ కార్బిట్. ఈయన గురించి ఇంకో నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. బానిసల మనవడు. కాలేజీ రోజుల్లో తెల్లవాళ్ళు పక్కన పరిగెత్తమంటే కొన్ని పోటీల్లోకి రానివ్వలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తాడు. న్యూయార్కులో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగం, ఆఫీసుకి పరుగు మీదే వెళ్ళేవాడు. 1958లో మొదలైన న్యూయార్క్ రోడ్ రన్నర్స్ సంస్థకి మొదటి అధ్యక్షుడు. రోడ్డు పందేల కొలతల మీద 1964లో ఒక చిన్న పుస్తకం వేశాడు. పుట్టుక మీద, రంగు మీద మనుషుల్ని తూచే రోజుల్లో బతికిన మనిషి, కనీసం రోడ్డునైనా అందరికీ ఒకేలా కొలవాలని పట్టుబట్టడం నాకు భలే నచ్చింది. (ఆయన అలా అనుకున్నాడో లేదో గానీ, నాకలా అనిపిస్తుంది.)

1971లో అలన్ జోన్స్, ఆయన కొడుకు క్లెయిన్ కలిసి సైకిలు ముందు చక్రానికి బిగించే ఒక లెక్కింపు యంత్రం చేశారు. పళ్ళ చక్రాలూ, తిరిగే అంకెలూ తప్ప ఇంకేమీ లేవందులో. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇరవై చిల్లర అంకెలు కదులుతాయి. అంటే ఒక్కో అంకెకి సుమారు పది సెంటీమీటర్లు. ఇప్పటికీ పందేల రూట్లు కొలిచేది దాని వారసులతోనే. ముందు ఉక్కు టేపుతో కొన్ని వందల మీటర్ల తిన్నని రోడ్డు కొలుస్తారు. ఎండకి టేపు సాగుతుంది కాబట్టి ఆ సవరణ కూడా వేస్తారు. దాని మీద నాలుగుసార్లు సైకిలు తొక్కి కిలోమీటరుకి ఎన్ని అంకెలో తేలుస్తారు. తర్వాత అసలు రూటు తొక్కుతారు. అయ్యాక మళ్ళీ వచ్చి ఇంకో నాలుగుసార్లు, ఎందుకంటే ఈలోగా ఎండెక్కితే టైరులో గాలి వ్యాకోచించి లెక్క మారిపోతుంది. రిలీజుకి ముందూ తర్వాతా టెస్టులు నడపడం మనం కనిపెట్టామనుకుంటాం గానీ!

ఇప్పుడు మన వాచీ ఫిర్యాదు దగ్గరికొద్దాం. కొలిచేవాడు వంపుల్లో లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, సాధ్యమైనంత దగ్గరి దారిలో తొక్కుతాడు. పైగా పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే హాఫ్ మారథాన్లో 21 మీటర్లు ఎక్కువే ఉంటుంది. కిలోమీటరు నాలుగున్నర నిమిషాల్లో లాగేవాడికి అది ఆరు సెకన్ల లోపు. మిగతా రెండు మూడొందల మీటర్లు మనం నీళ్ళ బల్లల వైపు మళ్ళి, జనాన్ని పక్కనుంచి దాటి, వంపుల్లో బయటి అంచున తిరిగి సంపాదించుకున్నవి. ఫ్లయోవర్ల కింద జీపీఎస్ వేసే గెంతులు కొన్ని. వాచీ 21.4 చూపిస్తే భయపడక్కర్లేదు. 20.9 చూపిస్తే మాత్రం అనుమానించాల్సిందే.

తక్కువైతే ఏమవుతుందో చూడండి. 1981 న్యూయార్క్ మారథాన్లో ఆల్బర్టో సలాజార్ 2:08:13తో ప్రపంచ రికార్డు కొట్టాడన్నారు. కొన్నేళ్ళకి మళ్ళీ కొలిస్తే రూటు 148 మీటర్లు తక్కువ! ఆ వేగంతో లెక్కేస్తే 27 సెకన్లు. అదే ఏడాది డిసెంబరులో ఫుకుయోకాలో రాబ్ డి కాస్టెల్లా 2:08:18 పరిగెత్తాడు. ఐదు సెకన్లు వెనకబడ్డాడనుకున్న ఆయనదే అసలు రికార్డని ఆలస్యంగా తేలింది.

సలాజార్ సంగతి వదిలేద్దాం, ఆయనకి గెలుపైనా మిగిలింది. బ్రిటన్‌లో మాంచెస్టర్ మారథాన్ 2013, 2014, 2015 మూడేళ్ళూ 380 మీటర్లు తక్కువుందని 2016లో బయటపడింది. సుమారు 24 వేలమంది టైములు గల్లంతు. బ్రైటన్ హాఫ్ మారథాన్ 2015 నుంచి 2017 దాకా 146 మీటర్లు తక్కువ. 2016లో గ్లాస్గోలో జరిగిన హాఫ్ మారథాన్ కూడా 150 మీటర్లు తక్కువే. అక్కడ గెలిచిన క్యాలమ్ హాకిన్స్ పేర రాసిన స్కాట్లాండ్ రికార్డు కొట్టేశారు. 150 మీటర్లంటే మనలాంటి వాళ్ళకి నలభై సెకన్లు. రెండేళ్ళు కష్టపడి 1:35 దాటి 1:34:40లో ముగించినవాడికి "అబ్బే, నువ్వింకా దాటలేదు నాయనా" అని ఒక ఈమెయిలొస్తే ఎలా ఉంటుంది?

దూరం సరిగ్గా ఉన్నా రికార్డు కాని పందేలూ ఉన్నాయి. ఇంగ్లండులో 1981 నుంచి జరుగుతున్న గ్రేట్ నార్త్ రన్ న్యూకాజిల్లో మొదలై సౌత్ షీల్డ్స్‌లో ముగుస్తుంది. 2019లో బ్రిజిడ్ కోస్గే అక్కడ 1:04:28 పరిగెత్తినా ప్రపంచ రికార్డుగా లెక్కలోకి రాలేదు. మొదలుకీ చివరకీ మధ్య తిన్నగా కొలిస్తే మొత్తం దూరంలో సగానికి మించకూడదని నియమం, వెనకనుంచి గాలి తోసేస్తుందని. అసలు హాఫ్ మారథాన్లో ప్రపంచ రికార్డులని అధికారికంగా గుర్తించడం మొదలైందే 2004 నుంచి. మనవాడు అవినాష్ సాబ్లే 2020లో ఢిల్లీలో 1:00:30 పరిగెత్తి జాతీయ రికార్డు పెట్టాడంటే, దాన్ని ఎవరూ వేలెత్తి చూపకపోవడానికి కారణం వాడి కాళ్ళతో పాటు ఆ కొలత కూడా.

మన ఊళ్ళలో వారానికో పందెం పుట్టుకొస్తోంది. రిజిస్ట్రేషన్ పేజీలో టీషర్టు రంగూ, మెడల్ బరువూ ఉంటాయి గానీ రూటు కొలిచిందెవరో, ఎప్పుడో చాలాచోట్ల రాయరు. డబ్బు కట్టే ముందు ఒక్కసారి అడిగి చూడండి, జవాబొస్తే అక్కడ పరిగెత్తండి.

అన్నట్టు, కొలత తెలిసినందుకు పందెంలో ఒక లాభమూ ఉంది. సైకిలువాడు వెళ్ళిన దారినే మనమూ వెళ్ళొచ్చు. ఒక లంబకోణపు వంపులో లోపలి అంచుకి ఆరు మీటర్లు బయటగా తిరిగితే తొమ్మిది మీటర్లు ఎక్కువ. అలాంటి వంపులు ఇరవై ఉంటే 190 మీటర్ల దాకా తేలుతుంది. నాలుగున్నర నిమిషాల వేగంలో యాభై సెకన్లు. అంతకంటే తక్కువ తగ్గించడానికి మనవాళ్ళు రెండు నెలలపాటు ట్రాకు మీద చుట్లు కొడుతున్నారు.